హకీం పేరు నిలిపిన రసాయన శాస్త్రజ్ఞుడు

ప్రాచీన వైద్యాన్ని గురించి మనలో రెండు వాదాలు వినిపిస్తుంటాయి. పెద్దలు చెప్పినదంతా సత్యమని కొందరు, అదంతా మూఢవిశ్వాసమని మరికొందరు. ఈ రెండింటినీ కాదని, పరీక్షించిన తరువాతనే నిర్ణయానికి వచ్చిన మహనీయుడు డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దిఖీ.

ఆయన 1897లో లక్నో సమీపాన బారాబంకీ జిల్లాలో జన్మించారు. అలీగఢ్‌లో తత్త్వశాస్త్రం, పారశీక భాష అభ్యసించారు. లండన్‌లో వైద్యవిద్య ప్రారంభించినా, మరుసటి సంవత్సరమే జర్మనీ వెళ్ళి రసాయనశాస్త్రాన్ని చేపట్టి, 1927లో ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. చిత్రకళలోనూ ఆయన సిద్ధహస్తులు.

ఆయుర్వేద, యునానీ ఔషధాలను శాస్త్రీయంగా పరిశోధించే సంస్థ ఒకటి ఢిల్లీ తిబ్బియా కళాశాలలో వెలయాలని హకీం అజ్మల్ ఖాన్ ఆశించారు. ఆ భారం సిద్దిఖీగారిపై పెట్టారు. 1927 డిసెంబరులో హకీంగారు కన్నుమూసినా, తలపెట్టిన కార్యం ఆగలేదు.

సిద్దిఖీగారు పరిశోధనకు ఎన్నుకొన్నది సర్పగంధి వేరు. యునానీ వైద్యులు దీనిని అస్రోల్ అంటారు. నిద్రలేమికి, ఉన్మాదానికి ఈ వేరును తరతరాలుగా వాడుతున్నారు. వేరులో గుణమున్నదని వైద్యునికి తెలుసు. ఆ గుణం ఏ పదార్థానిదో తెలియదు. పైగా అన్ని వేళ్ళలోనూ సారం ఒకే పాళ్ళలో ఉండదు. అందుచేత మోతాదు నిర్ణయించడం కష్టం. 1931లో సిద్దిఖీగారు, సహచరుడు రఫత్ హుసేన్ సిద్దిఖీతో కలిసి, ఆ వేరు నుండి ఐదు ఆల్కలాయిడులను వేరుచేశారు. వాటిలో ఒకదానికి హకీంగారి స్మృత్యర్థం ‘అజ్మలీన్’ అని నామకరణం చేశారు.

హృదయ కణాలలోకి సోడియం అయానులు ప్రవేశించినప్పుడు విద్యుత్ ప్రేరణ పుట్టి, కణం నుండి కణానికి వ్యాపిస్తుంది. ఆ క్రమం తప్పితే గుండె లయ చెడుతుంది. అజ్మలీన్ సోడియం ప్రవేశించే మార్గాలను కొంతమేర నిరోధించి, ప్రేరణ వేగాన్ని తగ్గిస్తుంది. అందుచేత అది కొన్ని రకాల లయదోషాలకు ఔషధమైంది. బ్రుగాడా అనే వంశపారంపర్య హృద్రోగాన్ని బయటపెట్టే పరీక్షలో నేటికీ దానిని వినియోగిస్తున్నారు. అయితే ఇదే మందు ప్రమాదకరమైన లయదోషాన్ని కలిగించనూ గలదు. కనుక నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి. ఇదే వేరు నుండి 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు రిసర్పీన్‌ను వేరుచేయగా, అది రక్తపోటుకు మందుగా ప్రసిద్ధి చెందింది.

అటుపిమ్మట సిద్దిఖీగారు వేపపైనా విశేష కృషి సల్పారు. 1951లో పాకిస్తాన్ వెళ్ళి అక్కడి శాస్త్ర పరిశోధనా సంస్థలకు పునాదులు వేశారు. 1961లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1994లో కరాచీలో మరణించారు.

విద్యార్థులారా! గురుతుల్యుడైన హకీంను సిద్దిఖీగారు పొగడ్తలతో సరిపెట్టలేదు. ఆయన నమ్మిన వైద్యాన్ని పరీక్షకు పెట్టి, నిలిచిన సత్యానికి ఆయన పేరు పెట్టారు. పెద్దల విద్యను గౌరవించే మార్గం ఇదే.