తక్కువ ఖర్చు... చెక్కుచెదరని పేరు

వృత్తిలో వ్యక్తిగత బ్రాండ్ అంటే, ఒకరి పేరు వినగానే ఎదుటివారికి స్ఫురించే పని, ఆ పని మీద వాళ్లకున్న గురి. ‘జీఎస్టీ నోటీసు వచ్చిందా? ఆయన్ని అడుగు’, ‘మగ్గం వర్కా? ఆమె దగ్గరికే వెళ్లు’ అని నలుగురూ చెప్పుకుంటున్నారంటే ఆ పేరు బ్రాండ్ అయినట్టే. మేనేజ్‌మెంట్ రచయిత టామ్ పీటర్స్ 1997లో అమెరికా పత్రిక ‘ఫాస్ట్ కంపెనీ’లో ‘ద బ్రాండ్ కాల్డ్ యూ’ అన్న వ్యాసం రాశాక ఈ ఆలోచనకు ప్రచారం వచ్చింది. అసలు సంగతి మాత్రం పాతదే. హస్తవాసి మంచిదని పేరున్న వైద్యుడి కోసం పొరుగూరికి వెళ్లడం తెలుగువారికి ఎప్పటి నుంచో అలవాటు. ఇప్పుడు ఆ నోటిమాట విన్నవాళ్లు ఫోన్ చేసే ముందు గూగుల్‌లోనో లింక్డ్‌ఇన్‌లోనో ఆ పేరు వెతుకుతున్నారు. అక్కడ నమ్మకం కలిగించేది చేసిన పనికి కనిపించే రుజువు. అది డబ్బుతో కొనుక్కునేది కాదు కాబట్టే, చేతిలో కొద్ది మొత్తమే ఉన్నవాళ్లూ మంచి పేరు తెచ్చుకోగలుగుతారు.

ఒక్క వాక్యంలో పని

మొదటి మెట్టుకు పైసా ఖర్చు లేదు. ఎవరికి, ఏ పని, ఎక్కడ అన్నది ఒక్క వాక్యంలో తేల్చుకోవాలి. ‘అన్ని రకాల అకౌంటింగ్ పనులు చేయబడును’ అన్న బోర్డు ఎవరికీ గుర్తుండదు. ‘కరీంనగర్‌లో మెడికల్ షాపులకు జీఎస్టీ రిటర్నులు’ అని రాస్తే, చదివిన షాపు యజమానికి అది తన కోసమే అనిపిస్తుంది. పరిధి తగ్గించుకుంటే గిరాకీ పోతుందన్న భయం సహజమే. కానీ ఒక పనిలో పేరొచ్చాక, ఆ నమ్మకంతోనే మిగతా పనులూ వెతుక్కుంటూ వస్తాయి.

ఉద్యోగార్థులకూ ఇదే సూత్రం. లింక్డ్‌ఇన్‌లో పేరు కింద వచ్చే వరుసలో ‘కష్టపడే తత్వం, టీమ్ ప్లేయర్’ అని ఉంటే ఎవరి కంటికీ ఆనదు. ‘జావా డెవలపర్, బ్యాంకు చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్ల అనుభవం’ అని ఉంటే, రిక్రూటర్లు వెతికే మాటలన్నీ అందులోనే దొరుకుతాయి.

చేసిన పనే సాక్ష్యం

మాడ్యులర్ కిచెన్లు చేసే వడ్రంగి సంగతే తీసుకోవచ్చు. పని మొదలుపెట్టక ముందు వంటగది గుమ్మం దగ్గర నిలబడి ఒక ఫొటో, పూర్తయ్యాక అదే చోటు నుంచి ఇంకో ఫొటో తీసుకుంటే చాలు. కింద వంటగది కొలతలు, పట్టిన రోజులు, అయిన ఖర్చు రాయాలి. సింకు కింద నీళ్లు తగిలే అరకు మామూలు ప్లైవుడ్ కాకుండా నీటిని తట్టుకునే బీడబ్ల్యూపీ గ్రేడు ఎందుకు వాడారో మరో వాక్యంలో చెప్పాలి. నిగనిగలాడే యాభై ఫొటోలు చెప్పని విషయాన్ని ఆ వాక్యం చెబుతుంది: ఈ మనిషికి పని తెలుసు. ఇంటివాళ్ల అనుమతి అడిగాకే ఫొటో బయటపెట్టడం కూడా ఆ నమ్మకంలో భాగమే.

ఏ వృత్తికి తగిన రుజువు దానికి ఉంటుంది. ప్రోగ్రామరుకు గిట్‌హబ్‌లో పెట్టిన కోడ్, ట్యూషన్ చెప్పేవారికి ఒక లెక్కను విడమరిచే పది నిమిషాల వీడియో, అనువాదకులకు రెండు పేజీల నమూనా. సొంత యాసను దాచుకోవాల్సిన పనీ లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ వీడియోలతో గంగవ్వకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అభిమానులు ఏర్పడ్డారు. ఆమె మాట్లాడింది తన ఊరి తెలుగే.

ఉచితంగా దొరికేవి

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో చిరునామా, పనివేళలు, ధరలతో కూడిన కేటలాగ్ పెట్టుకోవచ్చు. దుకాణమో ఆఫీసో ఉన్నవారు, కస్టమర్ల దగ్గరికి వెళ్లి పనిచేసేవారు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరిస్తే మ్యాప్స్‌లో కనిపిస్తారు. రెండూ ఉచితమే. పోస్టర్లకు తెలుగు అక్షరాల కొరతా లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మల్లన్న, మండలి, రామభద్ర, సురవరం వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటిని వ్యాపారానికీ ఉచితంగా వాడుకోవచ్చు. పేరు, ఫొటో, ఫోన్ నంబరు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనక ఉంటే వెతికేవాళ్లు తికమకపడతారు.

ఖర్చు పెట్టాల్సిన చోట

చేతిలో ఉన్న కొద్ది డబ్బును ముందుగా సొంత పేరుతో డొమైన్ కొనడానికి వాడాలి. డాట్ ఇన్ డొమైన్ ఏడాదికి కొన్ని వందల రూపాయలకే వస్తుంది. మొదటి ఏడాది రాయితీ చూసి మురిసిపోకుండా రెన్యువల్ ధర కూడా అడగాలి. డొమైన్‌ను వెబ్‌సైట్ చేసిపెట్టే వ్యక్తి పేరు మీద కాకుండా సొంత ఈమెయిల్‌తో నమోదు చేసుకోవాలి. లేకపోతే ఇద్దరికీ చెడిన రోజు పేరు అవతలివాళ్ల చేతిలో ఉండిపోతుంది. ఆ తర్వాత మంచి ఫొటో. కిటికీ వెలుతురు, ఖాళీ గోడ ఉంటే ఫోన్ కెమెరా సరిపోతుంది.

పేరుతో వ్యాపారం నిలదొక్కుకున్నాక ట్రేడ్‌మార్క్ గురించి ఆలోచించవచ్చు. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే ఒక్కో క్లాసుకు (వస్తువులు లేదా సేవల వర్గానికి) రుసుము రూ.4,500. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది, ఆపై పునరుద్ధరించుకోవచ్చు. ఫాలోవర్లను కొనడానికి మాత్రం రూపాయి కూడా పెట్టకూడదు. వాళ్లలో పని ఇచ్చేవాళ్లు ఉండరు.

వృత్తి గీసిన గీత

కొన్ని వృత్తుల్లో ప్రచారానికి చట్టమే హద్దులు పెట్టింది. బార్ కౌన్సిల్ నిబంధనల్లోని 36వ నిబంధన ప్రకారం న్యాయవాదులు ప్రకటనలతో కేసులు రాబట్టుకోకూడదు. 2008 సవరణతో పేరు, చిరునామా, అర్హతలు, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, ప్రాక్టీసు చేసే రంగాలను వెబ్‌సైట్‌లో పెట్టుకునే వీలు కలిగింది. రోగులను రాబట్టుకునే ప్రచారాన్ని వైద్యులకు 2002 నాటి వృత్తి నియమావళి నిషేధించింది. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టం నుంచే ఆంక్షలున్నాయి. ఇలాంటివారు ప్రకటనల జోలికి పోకుండా జనానికి పనికొచ్చే సమాచారం చెప్పడం మేలు. కొత్త పన్ను నిబంధన మీద వ్యాసం, షుగరు ఉన్నవాళ్ల పాదాల సంరక్షణ మీద ప్రసంగం వంటివి గౌరవంగానే పేరు తెస్తాయి. మిగతావారికీ ఒక హద్దుంది: సోషల్ మీడియాలో డబ్బో కానుకో తీసుకుని ఒక వస్తువును మెచ్చుకునేవారు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది.

నలుగురి మాట, నిలకడ

తన గురించి తాను చెప్పుకునే పది మాటల కన్నా పని చేయించుకున్నవారి ఒక్క మాట ఎక్కువ పలుకుతుంది. దాన్ని అడగాల్సింది పని ముగిసి, అవతలివారు సంతోషంగా ఉన్నప్పుడే. ‘బాగా చేశారు’ అన్నదాని కన్నా ‘చెప్పిన తేదీకి అందించారు’ అన్నది విలువైనది కాబట్టి, ఏది నచ్చిందో రాయమని కోరాలి. దొంగ రివ్యూలు గూగుల్ నిబంధనలకు విరుద్ధం, బయటపడితే ఉన్న పరువూ పోతుంది. చెడ్డ రివ్యూ వస్తే వాదనకు దిగకుండా, జరిగింది ఒప్పుకుని ఎలా సరిదిద్దారో అక్కడే రాయాలి. కొత్త కస్టమర్లు ఆ జవాబునూ చదువుతారు.

మిగిలింది నిలకడ. వారానికి ఒక పని వివరం, మూడు నెలలకోసారి ధరలు, పనివేళల సవరణ, వచ్చిన ప్రతి సందేశానికీ ఆ రోజే జవాబు. ఈ కాస్త క్రమం ఏడాది పాటు తప్పకపోతే, పేరు వెతికినవారికి ప్రకటన బదులు ఏడాది పని కనిపిస్తుంది.