యంత్రానికి కనిపించకుంటే లేనట్లేనా?

వంటనూనెను పరీక్షకు పంపితే ఫలానా హానికర పదార్థం కనిపించలేదని నివేదిక వస్తుంది. ఊపిరి పీల్చుకునే ముందు ఏ పద్ధతిలో పరీక్షించారో అడగడం మేలు. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ విద్యుదావేశం ఉన్న వాటినే గుర్తిస్తుంది. ఆవేశం లేనివి ఎన్ని ఉన్నా దానికి లేనట్లే.

ఆవేశం ఎక్కించేందుకు విరివిగా వాడుతున్న విధానం ఎలక్ట్రోస్ప్రే. ద్రావణాన్ని అధిక వోల్టేజీ వద్ద సన్నని తుంపరగా చిమ్ముతారు. పెద్ద ప్రోటీన్లు సైతం చెక్కుచెదరకుండా ఆవేశం పొందుతాయి. ఈ కృషికే అమెరికా శాస్త్రవేత్త జాన్ ఫెన్ 2002లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్నారు. అయితే ప్రోటాన్‌ను పట్టి ఉంచే చోటు అణువులో ఉండాలి. కర్బనం, ఉదజని మాత్రమే గల డీజిల్, మైనం వంటి అధ్రువ పదార్థాలకు అది లేదు.

పెంకులే మిగిలితే..

పాత పద్ధతిలో 70 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రాన్లతో అణువును కొడతారు. ఆవేశం వస్తుంది, అణువు మాత్రం మిగలదు. డీజిల్‌లోని హెక్సాడెకేన్ అణుభారం 226. ఆ దెబ్బకు 43, 57, 71, 85 భారాల తునకలే ప్రముఖంగా కనిపిస్తాయి. దాని సోదర అణువులూ ఇవే తునకలనిస్తాయి. పెంకులు చూపి, పగిలింది కుండో కడవో చెప్పమన్నట్లుంటుంది.

దీపం చేసే పని

2000లో వెలుగులోకి వచ్చిన కాంతి అయనీకరణం ఈ చిక్కును కొంత తీర్చింది. ఇందులోని క్రిప్టాన్ దీపం కాంతి శక్తి సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టులు. నత్రజని నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయాలంటే 15.6, నీటి నుంచైతే 12.6 కావాలి. పొగలో, మాడిన ఆహారంలో ఉండే క్యాన్సర్ కారకం బెంజోపైరీన్‌కు సుమారు 7 చాలు. దాంతో గాలి, నీరు మౌనంగా ఉంటే బెంజోపైరీన్ ఒక్కటే పలుకుతుంది. కొద్దిగా టోలుయీన్ కలిపితే ముందు అది ఎలక్ట్రాన్‌ను కోల్పోయి, బెంజోపైరీన్ నుంచి లాక్కుంటుంది. సంకేతం బలపడుతుంది. వంటనూనెల్లో ఐరోపా సమాజం విధించిన పరిమితి కిలోకు 2 మైక్రోగ్రాములు. అంత స్వల్ప మోతాదును పట్టాలంటే ఈ బలం అవసరమే. బెంజోపైరీన్ గట్టి అణువు కనుక పాత పద్ధతినీ తట్టుకుంటుంది. వాయు క్రొమటోగ్రఫీతో జోడించి దాన్ని నేటికీ వాడుతున్నారు.

నూనెలో ఖనిజ తైలం కలిసిందన్న అనుమానం వేరు. అందులోని ఆల్కేన్లకు ఈ దీపం చాలదు. సూది మొన వద్ద తీవ్ర విద్యుత్ క్షేత్రం సృష్టించి, ఎలక్ట్రాన్‌ను మెల్లగా లాగే క్షేత్ర అయనీకరణం వాటిని దాదాపు పగలకుండా చూపుతుంది. ఆ మొన చాలా సున్నితం, ఇట్టే పాడవుతుంది. అందుకే నిత్యం జరిగే పరీక్షల్లో దీని వాడకం తక్కువ.