షేర్ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే ఫైళ్లు పోయినట్టేనా?

నారాయణఖేడ్‌లో మా ఇంటి ముందు గదిలో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. దానికి తగిలించిన హార్డ్ డిస్క్‌లోనే ఇంటి సంగతులన్నీ ఉంటాయి. చెల్లి నికా ఫొటోలు, అబ్బా పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, రియాద్‌లో ఉన్న అన్న వీసా కాగితాలు, నానీ మాట్లాడిన ఐదు ఆడియో క్లిప్పులు. డిస్క్‌ను ఇంటి వైఫైలో షేర్ చేశాం కాబట్టి ఎవరి ఫోన్లో వాళ్లు తెరిచి చూసుకుంటారు.

బక్రీద్ ముందు గాలివానకు కరెంటు పోయింది. డెస్క్‌టాప్ రెండు రోజులు ఆపేసే ఉంది. మళ్లీ ఆన్ చేశాక చెల్లి ఫోన్లో షేర్ తెరిస్తే లోపల ఏమీ లేదు. అమ్మీ తల పట్టుకుని కూర్చుంది. పండుగకు హైదరాబాద్ నుంచి వచ్చిన చాచా కొడుకు "డిస్క్ ఖరాబైంది భాయ్, ఫార్మాట్ కొట్టి మళ్లీ పెట్టుకుందాం" అన్నాడు. ఆ మాట విని ఉంటే నిజంగానే అన్నీ పోయేవి.

ఇలాంటప్పుడు ఫోన్ పక్కన పెట్టి, డిస్క్ ఏ కంప్యూటర్‌కు ఉందో నేరుగా అక్కడికే వెళ్లి చూడాలి. అక్కడ ఫైళ్లు కనిపిస్తే అవి పోలేదు, మన ఫోన్ వెళ్లే దారే తప్పింది. అక్కడ కూడా లేకపోతే అది వేరే కథ. మా డెస్క్‌టాప్‌లో ఫొటోలన్నీ ఉన్నాయి!

మరి ఫోన్ దేన్ని తెరిచింది? రూటర్ ఇంట్లోని ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. అది శాశ్వతం కాదు, గడువు ఉంటుంది. కొన్ని రూటర్లలో ఆ గడువు కొన్ని గంటలు, కొన్నింట్లో ఒక రోజు. చెల్లి ఫోన్లో 192.168.1.7 అని సేవ్ చేసి ఉంది. డెస్క్‌టాప్ ఆగి ఉన్న రెండు రోజుల్లో గడువు ముగిసి, ఆ నంబర్ చాచా కొడుకు లాప్‌టాప్‌కు పోయింది. రెండు మిషన్లనూ సెట్ చేసింది అతనే, రెండింట్లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఒకటే. అందుకే ఫోన్ ఏ అడ్డూ లేకుండా లాప్‌టాప్‌లోకి వెళ్లి, అందులోని ఖాళీ షేర్ ఫోల్డర్‌ను చూపించింది. ఇల్లు మారిన చుట్టం కోసం పాత ఇంటి తలుపు కొట్టినట్టన్నమాట.

డెస్క్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని టైపు చేస్తే దాని ఇప్పటి నంబర్ తెలుస్తుంది. రూటర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. అక్కడ డెస్క్‌టాప్‌కు ఒక నంబర్ రాసిపెడితే ఇక మారదు. ఐదు నిమిషాల పని, మేం మూడేళ్లు చేయలేదు.

దారి తప్పడానికి ఇంకా కారణాలున్నాయి. డిస్క్ తీసి మళ్లీ పెట్టినప్పుడు విండోస్ దానికి ఈ బదులు ఎఫ్ అక్షరం ఇస్తే పాత షేర్ తెరుచుకోదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత అక్షరం ఇచ్చి, కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఎవరైనా వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ చేస్తే పిక్చర్స్, డాక్యుమెంట్స్‌లో ఉన్నవి వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారతాయి. మీరు షేర్ చేసిన పాత చోటు ఖాళీగా మిగులుతుంది. ఇది చాలామందిని కంగారు పెట్టే సంగతి.

రూటర్‌కే యూఎస్‌బీ డిస్క్ తగిలించుకున్న ఇళ్లలో, పాత రూటరైతే కొత్త విండోస్ అసలు కనెక్టే కాకపోవచ్చు. అలాంటి రూటర్లు ఎస్‌ఎంబీ1 అనే పాత పద్ధతి వాడతాయి. 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ పద్ధతిలోని లోపం వల్లే. దాన్ని మళ్లీ ఆన్ చేయమని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లున్నారు, వద్దు.

ఇక నానీ క్లిప్పులు. అవి డెస్క్‌టాప్‌లో కూడా లేవు. తన ఫోన్లో జాగా లేదని మా చిన్నోడు డిలీట్ చేశాడట, అవి ఫోన్లోవే అనుకున్నాడు. డెస్క్‌టాప్ రీసైకిల్ బిన్‌లో వెతికితే దొరకలేదు. నెట్‌వర్క్ మీదుగా డిలీట్ చేసినవి అందులోకి రావు, నేరుగా పోతాయి. నాస్ బాక్స్ ఉన్నవాళ్లకు మాత్రం అందులోనే వేరే రీసైకిల్ ఫోల్డర్ ఆన్ చేసుకునే వీలుంటుంది.

డిలీట్ అయినా ఆ జాగాలో కొత్త ఫైలు పడేదాకా హార్డ్ డిస్క్ మీద పాతది మిగిలే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ అయితే ఆ ఆశ చాలా తక్కువ. అందుకే వెంటనే షేర్ ఆపేశాం, డిస్క్ మీద ఇంకేమీ కాపీ చేయలేదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విండోస్ ఫైల్ రికవరీని లాప్‌టాప్‌లో వేసుకుని, దొరికినవాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీశాం. అదే డిస్క్ మీదకు తీస్తే మిగిలినవి చెడిపోతాయి. మూడు క్లిప్పులు మోగాయి. నాలుగోది రియాద్‌లో అన్న వాట్సాప్‌లో దొరికింది. ఐదోదాంట్లో నానీ తన పెళ్లినాటి ముచ్చట చెప్పేది, అది ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు పిల్లల ఫోన్లకు వేరే యూజర్ పెట్టి, షేర్‌లో రీడ్ అనుమతి మాత్రమే ఇచ్చాం. చూడొచ్చు, వినొచ్చు, డిలీట్ నొక్కితే పని చేయదు. రెండో డిస్క్ ఒకటి కొని మొత్తం కాపీ చేశాం. అది అమ్మీ అల్మారాలో, నగల డబ్బా పక్కన ఉంది.