పాల సీసాకు కులం లేదు, పాలిచ్చిన తల్లికి?

తల్లిపాల బ్యాంకులో కులానికో అర ఉండదు. దాత రక్తాన్ని హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్‌లకు పరీక్షిస్తారు, కులం అడగరు. పలువురు తల్లుల పాలను కలిపి, 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో భద్రపరుస్తారు. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి పనిచేస్తున్న కేంద్రం పేరు ‘ధాత్రి’. ఆ మాటకు దాది అనే అర్థమూ ఉంది. నెలలు నిండని శిశువు నోటికి చేరేసరికి ఆ పాలు మాదిగ తల్లివో రెడ్డి తల్లివో ఎవరూ చెప్పలేరు. రెండు గ్లాసుల పద్ధతి నడిచిన సమాజంలో ఇది చిన్న సంగతి కాదు.

అయినా ఇంతటితో తృప్తిపడలేను. మా నల్లగొండ పెద్దలు చెప్పే వెట్టి కథల్లో, చంటిబిడ్డకు పాలిచ్చి రావడానికి బాలింత కూలీని పొలం గట్టు దాటనివ్వని దొరలున్నారు. నేడు దొర లేడు. గట్టు మాత్రం ఉంది. ప్రసూతి ప్రయోజన చట్టం 2017లో వేతన సెలవును 26 వారాలకు పెంచింది. మర్రిగూడ పత్తి చేలల్లో దినకూలీకి పోయే దళిత, బహుజన తల్లికి అందులో ఒక్కరోజూ దక్కదు. చేపుకొచ్చిన పాలను ఆమె మట్టిలోకే పిండుకుంటుంది.

ఆ పాల విలువ మర్రిగూడకు మరీ ఎక్కువ. ఇది ఫ్లోరైడ్ పీడించిన నేల. తల్లి తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా ఆమె పాలలోకి చేరేది అత్యల్పం. అదే నీటితో డబ్బాపాలు కలిపితే నేరుగా బిడ్డకే చేరుతుంది.

తల్లిపాలను అమ్మడానికి అనుమతి లేదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024లో స్పష్టం చేసింది. అది సరైనదే. అమ్మకం మొదలైతే పేద తల్లి సొంత బిడ్డే పస్తుంటాడు. అయితే దానం అనే మాట చాటున శ్రమను దాచకూడదు. మన ధర్మశాస్త్రాల్లో దానం దాతను పైకెత్తుతుంది. ఇక్కడ దాత ప్రభుత్వ ఆసుపత్రి మంచం మీద, తరచూ రక్తహీనతతో, తన బిడ్డ కోలుకోవాలని ఎదురుచూస్తున్న పేద తల్లి. ఆమె పేరు గోప్యంగా ఉండటం న్యాయం. ఆమె అవసరాలు కనబడకపోవడం అన్యాయం.

కాబట్టి అడగవలసింది సన్మానం కాదు. దాతకు పోషకాహారం, వ్యవసాయ కూలీకి వేతనంతో కూడిన బాలింత విశ్రాంతి, ఏరియా ఆసుపత్రుల్లో పాల సేకరణ కేంద్రాలు కావాలి. ముందు సొంత బిడ్డ కడుపు నిండాలి. ఆ తర్వాతే ఆ పాలు ఊరి బిడ్డలందరివీ కావాలి.