సంఘ పెద్దలు – బోధించే బాధ్యత

బరంపురంలోని మా తెలుగు సంఘానికి నన్ను పెద్దగా ఎన్నుకుని ఆరేళ్లు దాటింది. ఎన్నుకున్నవారు చెప్పిన కారణం ఒక్కటే: "బ్యాంకు ఆఫీసరు గారు కదా, లెక్కలు బాగా చూస్తారు." చూస్తూనే ఉన్నాను. కానుకల పుస్తకం, కరెంటు బిల్లు, పైకప్పు మరమ్మతు, అన్నీ నాకు అలవాటైన పనులే. అయితే పెద్దకు ఉండవలసిన అర్హతల్లో లెక్కల ఊసు బైబిల్లో ఎక్కడా లేదు.

తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం తీసి చూడండి. సంఘాన్ని కనిపెట్టుకుని ఉండేవాడికి కావలసిన లక్షణాలు వరుసగా ఉంటాయి. నిగ్రహం, అతిథి మర్యాద, ఇంటిని చక్కగా నడుపుకోవడం, డబ్బు మీద ఆశ లేకపోవడం (ఇది మా బ్యాంకు వాళ్ల కోసమే రాశారేమో!). దాదాపు అన్నీ నడవడికకు సంబంధించినవే. వాటి మధ్యలో బోధించే సామర్థ్యం కూడా అడిగారు. ఆ తర్వాత పరిచారకుల సంగతి వస్తుంది. నడవడిక విషయంలో వారికీ ఇంచుమించు ఇవే నియమాలు, బోధన షరతు మాత్రం లేదు. నాకు తోచినంతలో మనం చాలాచోట్ల పరిచారకుడి పని చేస్తూ పెద్దలమనిపించుకుంటున్నాం.

"బోధించడానికి పాస్టరు గారున్నారు కదా?" అంటారు. ఏర్పాట్లు సంఘానికో రకం. సి.ఎస్.ఐ.లో ఆ బాధ్యత ప్రధానంగా ప్రెస్బిటరుది. భక్తసింగ్ గారు 1941లో మద్రాసులో, 1950లో హైదరాబాదులో మొదలుపెట్టిన సహవాసాల్లో పెద్దలే కలిసి సంఘాన్ని నడుపుతారు. పద్ధతి ఏదైనా, ఆదివారం ప్రసంగం అందరికీ కలిపి చెప్పేది. అర్థం కానివాడు మధ్యలో చెయ్యెత్తి అడగడు. పౌలు ఎఫెసు సంఘ పెద్దలను మిలేతుకు పిలిపించుకుని వీడ్కోలు చెప్పినప్పుడు, తాను బహిరంగంగానే కాక ఇంటింటా బోధించిన సంగతి వారికి గుర్తుచేశాడు. ఆ ఇంటింటి పని పెద్దలు చేయకపోతే మరెవరు చేస్తారు?

రాష్ట్రం బయట ఉన్న మనకు ఇంకో చిక్కు ఉంది. మా పిల్లల చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో కీర్తన పెట్టుకుని శ్రుతి తప్పకుండా పాడతారు. "ప్రాయశ్చిత్తం అంటే ఏమిట్రా?" అంటే మాత్రం నేల చూపులు చూస్తారు. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తనలు రాగతాళాల్లో కూర్చిన పాఠాలే. ఆయన బాప్తిస్మం పొందింది కూడా ఈ ఒడిశాలోనే, 1833లో, కటకంలో. ఆ పాఠం ఇప్పుడు పాటగా మాత్రమే మిగిలితే బాధ కలగదా?

యువకుల ఆరాధన ఇంగ్లీషులో పెట్టాలని ఒక వర్గం, పెడితే తెలుగు పోతుందని ఒక వర్గం. రెండు వర్గాల్లోనూ పిల్లల పక్కన కూర్చుని చెప్పేవారు తక్కువే.

అలా కూర్చునేవారు మాకు ఒకరున్నారు. రైల్వేలో రిటైరైన పెద్దాయన. వేదాంత కళాశాల గడప తొక్కలేదు. ప్రతి బుధవారం సాయంత్రం ఒక ఇంటికి వెళతారు. ఒకే కీర్తన, అందులో ఒకే చరణం. పిల్లవాడి చేత తెలుగు పుస్తకంలోనే కూడబలుక్కుని చదివిస్తారు. కష్టమైన మాట వస్తే అర్థం ఒడియాలో చెబుతారు. పిల్లవాడు దాన్ని మళ్లీ తన తెలుగులో చెప్పాలి, అప్పుడే రెండో చరణం. వంటింట్లోంచి తల్లి వింటూ ఉంటుంది. ఒక్కోసారి ఆవిడ సందేహమే పెద్దది. తెలియకపోతే ఆయన "వచ్చే బుధవారం చూసుకుని చెబుతానమ్మా" అంటారు. బోధకులకు కఠినమైన తీర్పు ఉంటుందని యాకోబు హెచ్చరించిన సంగతి ఆయనకు తెలుసు. ముందురోజు రాత్రి యూట్యూబులో విన్నది మర్నాడు వాక్యమని చెప్పే మాలాంటివారికే అది గుర్తుండదు.

ఈ ఏడాది కమిటీ సమావేశంలో పైకప్పు లెక్కలు అరగంటలో ముగించి, ఇళ్లు పంచుకున్నాం. నా వంతుకు నాలుగు వచ్చాయి. మొదటి ఇంట్లో తొమ్మిదో తరగతి అమ్మాయి, "ఆదాము చేసిన తప్పుకు నాకెందుకు అంకుల్ శిక్ష?" అంది. రోమా పత్రిక 5వ అధ్యాయం తీసుకుని కూర్చున్నాం. మూడు వారాలైంది, ఇంకా అక్కడే ఉన్నాం.