టు ద మూన్: విలన్ లేకుండానే విడదీసే లవ్‌స్టోరీ

నెల్లూరు తీరంలో పెరిగినవాళ్లకి రాకెట్లు కొత్తేం కాదు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 వెళ్తుంటే మేడలెక్కి చూసినవాళ్లు ఎందరో. చంద్రుడి మీదకి వెళ్లాలనే కోరికతోనే మొదలయ్యే గేమ్ ఒకటుంది: టు ద మూన్. 2011లో పీసీకి, 2017లో మొబైల్‌కి వచ్చింది. డిజైనర్ కాన్ గావో.

స్పాయిలర్ అలర్ట్! ఆడాలనుకుంటే చివరి పేరాకి వెళ్లిపోండి.

చావుబతుకుల్లో ఉన్న జానీ చంద్రుడి మీదకి వెళ్లాలంటాడు. ఎందుకో అతనికే తెలీదు. ఇద్దరు డాక్టర్లు అతని జ్ఞాపకాల్లో వెనక్కి నడుస్తారు.

చిన్నప్పుడు కార్నివాల్‌లో కలిసిన రివర్‌తో, తప్పిపోతే చంద్రుడి మీద కలుద్దామని మాట ఇచ్చాడు. కవల సోదరుడు చనిపోయాక వాడిన మందులతో ఆ రాత్రే చెరిగిపోయింది. అదే అమ్మాయిని పెళ్లాడాడు, గుర్తుపట్టలేదు. మనసులో మాట చెప్పలేని రివర్ కాగితం కుందేళ్లు మడుస్తూనే ఉంటుంది. జబ్బు చేస్తే వైద్యం వద్దని, ఆ డబ్బుతో లైట్‌హౌస్ దగ్గర ఇల్లు పూర్తిచేయమంటుంది. చివరికి, అతన్ని చంద్రుడి మీదకి పంపాలంటే జ్ఞాపకాల్లోంచి రివర్‌నే తీసేయాలంటుంది డాక్టర్ ఈవా!

మన సినిమాల్లో ప్రేమకి నాన్నో, విలనో అడ్డొస్తాడు. ఇక్కడ ప్రతి అడ్డంకీ ఎవరో మంచి చేద్దామనుకుంటే వచ్చిందే. అందుకే ఎవర్నీ తిట్టలేం, ఏడుస్తాం.

నాలుగైదు గంటల గేమ్. ఫైట్లు ఆశించొద్దు, పజిల్స్ కాస్త బోర్. కథ, మ్యూజిక్ మాత్రం సూపర్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క రాత్రిలో ఆడేయండి.