చెరువు నిండితే బాతులొస్తాయి.. మరి బీడు పోతే ఏమవుతుంది? రోళ్లపాడు చెబుతున్న పాఠం ఇదే..

మోతె, కోదాడ, మిర్యాలగూడ.. ఈ పేర్లు వినగానే ముందుగా గుర్తొచ్చేది వరి. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక ఎడమ కాల్వ కింద ఊళ్ల రూపమే మారిపోయింది. మెట్ట చేలు మాగాణి అయ్యాయి. చెరువుల్లో నీళ్లు నిలిచాయి. నీళ్లతో పాటే కొంగలు, బాతులు, నీటికోళ్లు వచ్చాయి. రైతుకు లాభం, పక్షికీ లాభం.. అనుకుంటాం. కానీ పక్షులన్నిటికీ నీళ్లు మేలు చేయవు. నీళ్లు లేని బీడునే నమ్ముకుని బతికే పక్షులు కూడా ఉన్నాయి. వాటి సంగతేంటో తెలియాలంటే నంద్యాల జిల్లా రోళ్లపాడు దాకా వెళ్లాలి.

చెరువుకి బాతులు ఎందుకొస్తాయి?

చలికాలంలో మన చెరువుల్లో కనిపించే బాతుల్లో చాలావరకు ఇక్కడివి కావు. మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి వస్తాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో దిగి, మార్చి, ఏప్రిల్ నాటికి తిరిగి వెళ్లిపోతాయి. పట్టీతల బాతులైతే ఏకంగా హిమాలయాలు దాటి వస్తాయి. ఈ రాకపోకల గుట్టు తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ (బీఎన్‌హెచ్ఎస్) తరఫున సలీం అలీ 1959లో పెద్ద ఎత్తున పక్షుల కాళ్లకు రింగులు తొడిగే పని మొదలుపెట్టారు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటి పక్షుల లెక్కింపు కూడా జరుగుతోంది.

ఈ పరిశోధనల్లో తేలిన ముఖ్యమైన విషయం ఒకటుంది. చెరువులో ఎన్ని నీళ్లున్నాయన్నది కాదు, ఎంత లోతులో ఉన్నాయన్నది పక్షికి ముఖ్యం. పొట్టి కాళ్ల ఉల్లంకి పిట్టలకు అంచున తడి బురద చాలు. సూదితోక బాతు తల ముంచి మేస్తుంది కాబట్టి దానికి లోతు తక్కువ నీళ్లు కావాలి. మునిగి మేసే బాతులకు లోతు కావాలి. నత్తగుల్ల కొంగకు నత్తలుండే మడి కావాలి. చెరువు ఏడాదంతా అంచులదాకా నిండుగా ఉన్నా, గట్లను నిలువుగా చెక్కేసినా ఈ బురద అంచు పోతుంది. చూడటానికి చెరువు కళకళలాడుతుంది, పక్షులు మాత్రం తగ్గుతాయి.

బీడులో ఎవరుంటారు?

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. మనకు బీడంటే ఖాళీ జాగా. రికార్డుల్లోనూ అది బంజరే. దేశంలో గడ్డి నేలలు చాలావరకు ప్రభుత్వ లెక్కల్లో 'వేస్ట్‌ల్యాండ్' కిందకే వస్తాయి. కానీ కౌజులు, కంజు పిట్టలు, తీతువ పిట్టలు గుడ్లు పెట్టేది ఆ నేల మీదే. చెట్టు మీద గూడు కట్టే అలవాటు వీటికి లేదు.

వీటన్నిటిలో పెద్దది బట్టమేక పక్షి. మగ పక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైనవాటిలో ఇదొకటి. నెమలిని 1963లో జాతీయ పక్షిగా ఎంపిక చేశారు కానీ, సలీం అలీ సూచించింది ఈ బట్టమేకనే. ఒకప్పుడు దక్కన్ మెట్ట నేలల్లో తిరిగిన ఈ పక్షులు ఇప్పుడు దేశం మొత్తం మీద 150 కూడా లేవని అంచనా. అందులోనూ ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే ఉన్నాయి.

రోళ్లపాడులో ఏం జరిగింది?

1980లలో రోళ్లపాడు గడ్డి నేలల్లో బట్టమేకలు పదుల సంఖ్యలో కనిపించేవి. అసద్ రహ్మానీ, రంజిత్ మనకదన్ వంటి బీఎన్‌హెచ్ఎస్ పరిశోధకులు అక్కడే ఉండి వాటి తిండి, గుడ్లు, అలవాట్లు గమనించారు. 1988లో సుమారు 6 చదరపు కిలోమీటర్ల నేలను అభయారణ్యంగా ప్రకటించారు. వానాకాలంలో మగ నేల నెమళ్లు గడ్డిలోంచి రోజుకు వందల సార్లు ఎగిరి దూకుతూ ఆడ పక్షులను పిలిచిన చోటు కూడా ఇదే.

మరి ఇప్పుడు? ఆ అభయారణ్యంలో బట్టమేక జాడ లేదు.

కారణం ఒక్కటి కాదు. బట్టమేక సాధారణంగా నేల మీద ఒక్క గుడ్డే పెడుతుంది. కుక్క తిన్నా, పశువు తొక్కినా ఆ ఏడాది పిల్ల లేనట్టే. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో ఎదురుగా ఉన్న కరెంటు తీగ దానికి సరిగా కనిపించదు. బరువైన ఒళ్లు కావడంతో చివరి క్షణంలో పక్కకు తిరగలేదు.

అసలు దెబ్బ మాత్రం అభయారణ్యం కంచె బయట తగిలింది. గుడ్లు పెట్టేది గడ్డిలోనే అయినా, మేత కోసం ఈ పక్షులు చుట్టుపక్కల మెట్ట చేలలో తిరిగేవి. మిడతలు, పురుగులు, వేరుశనగ వాటి తిండి. పక్కన అలగనూరు రిజర్వాయర్ వచ్చింది. కాల్వ నీళ్లు వచ్చాయి. పంటలు మారాయి. గడ్డి నేల ముక్కలైంది. కంచె లోపల 6 చదరపు కిలోమీటర్లను కాపాడినా, కంచె బయటి మేత పోయింది.

రైతు వైపు నుంచి కూడా చూడాలి. రక్షణ దొరకడంతో అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి, చేల మీద పడ్డాయి. పంట పోయిన రైతుకు అభయారణ్యం అంటేనే కోపం వచ్చింది. ఊరి నష్టాన్ని పట్టించుకోకుండా పక్షిని కాపాడటం కుదరదని రోళ్లపాడు తేల్చిచెప్పింది.

నీళ్లా? పక్షా? రెండూ కుదరవా?

కుదురుతాయి. అందుకు కడప జిల్లా కలివి కోడే సాక్ష్యం. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో ఈ పక్షి అంతరించిందనే అనుకున్నారు. 1986లో లంకమల చిట్టడవుల్లో మళ్లీ దొరికింది. ఇది రాత్రి పూట తిరిగే పక్షి. అందుకే పరిశోధకులు మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక దాని మీద పడిన అడుగుల గుర్తులు వెతికారు. కెమెరాలు పెట్టారు. అరుపులు రికార్డు చేశారు. తెలుగుగంగ కాల్వ తవ్వకం దాని నివాసంలోకి వచ్చినప్పుడు ఈ ఆధారాలే పనికొచ్చాయి. చివరికి కాల్వ దారి మార్చారు. పక్షి ఎక్కడుందో ముందే తెలిస్తే నీళ్లు ఆపక్కర్లేదు, దారి తిప్పితే సరిపోతుంది.

బట్టమేక కోసం రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర సంరక్షణ కేంద్రంలో గుడ్లు పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతోనూ ఒక పిల్ల పుట్టింది. కానీ రేపు ఆ పిల్లలను వదలాలంటే గడ్డి నేల ఉండాలి కదా!

మన ఊళ్లో ఏం చేయొచ్చు?

* ఊరి బీడులో గడ్డికి నిప్పు పెట్టొద్దు. గుడ్లు, పిల్లలు అందులోనే ఉంటాయి.

* గడ్డి నేల కనిపించగానే మొక్కలు నాటేయొద్దు. చెట్లు పెరిగితే నేల మీద బతికే పక్షులు ఆ చోటు వదిలేస్తాయి.

* చెరువు పూడిక తీసేటప్పుడు ఒక పక్కనైనా వాలుగా ఉండే బురద అంచు ఉంచాలి.

* కౌజు, కంజు పిట్టలను వలేసి పట్టడం, అమ్మడం చట్టప్రకారం నేరం.

* ఫోన్‌లో 'ఈబర్డ్' యాప్ ఉంటే చూసిన పక్షి పేరు, చోటు, తేదీ నమోదు చేయొచ్చు. శాస్త్రవేత్తలు ఈ లెక్కలను వాడుకుంటారు.

రోళ్లపాడులో బట్టమేకలు ఉన్నాయని, పోయాయని మనకు తెలిసిందంటే ఎవరో లెక్క రాశారు కాబట్టే. మన ఊరి బీడులో ఏ పిట్ట ఉందో ఇప్పటిదాకా ఎవరైనా రాశారా? లేకపోతే ఈ చలికాలంలోనే మొదలుపెట్టొచ్చు.